పెరటి కోళ్ల మేతలో ఒమేగా-3: ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎక్కడ ఆపాలి

మా పెరట్లో ఎనిమిది పెట్టలున్నాయి. ఐదు నాటువి, మూడు గ్రామప్రియ అనే పెరటి పెంపకపు రకం. గుడ్లలో ఒమేగా-3 అనే మంచి కొవ్వు పెరగాలని మూడేళ్ల కిందట వాటి మేతలో అవిసె గింజలు కలపడం మొదలుపెట్టాను. నెల తిరక్కుండానే అమ్మ గుడ్డు పులుసు గిన్నె ముందు పెట్టుకుని, "ఏట్రా ఇది? గుడ్లు ఇచ్చావా, కవళ్లు ఇచ్చావా?" అంది. నిజమే. ఉడికిన పచ్చసొన విప్పితే అచ్చం కవళ్ల చేపల కంపు. మంచిదన్నారు కదా అని నేను మేతలో ఐదో వంతు అవిసెలే పోశాను. కావలసింది అందులో సగం కూడా కాదని తర్వాత తెలిసింది. ఇప్పుడు మా ఇంట్లో గుడ్డు పులుసు గుడ్డు పులుసులాగే ఉంటోంది. నేను పాటించే పద్ధతి వరుసగా చెబుతాను.

ముందు కోడి లోపల ఏం జరుగుతుందో చూద్దాం

ఒమేగా-3 అంటే ఒకటే పదార్థం కాదు. గింజల్లో, ఆకుల్లో ఉండేది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, పొట్టిగా ఏఎల్ఏ. చేపల్లో ఉండేవి ఈపీఏ, డీహెచ్ఏ. మన మెదడుకూ కంటికీ ముఖ్యంగా కావలసింది డీహెచ్ఏ. అవిసెలు తిని దాన్ని ఒంట్లో తయారుచేసుకోవడం మనకు పెద్దగా చేతకాదు. కోడి కాలేయం ఆ పని మనకంటే బాగా చేస్తుంది. చేసి పచ్చసొనలో దాస్తుంది. తెల్లసొనలో కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి మన కథంతా పచ్చసొనదే.

మామూలు గుడ్డులో డీహెచ్ఏ సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. సరిగ్గా అవిసెలు తిన్న కోడి గుడ్డులో అది 75 నుంచి 100 దాకా వస్తుంది. ఏఎల్ఏ కూడా కలుపుకుంటే మొత్తం ఒమేగా-3 దాదాపు 300 మిల్లీగ్రాములకు చేరుతుంది, ఒక్కోసారి దాటుతుంది. కానీ అక్కడితో డీహెచ్ఏ ఆగిపోతుంది. కాలేయంలో ఉన్న ఎంజైములు అంతకు మించి చేయలేవు. అవిసెలు రెట్టింపు చేస్తే పెరిగేది ఏఎల్ఏ ఒక్కటే, దానితోపాటు కంపు. నేను మొదట్లో దెబ్బతిన్నది ఇక్కడే.

ఇంకో సంగతి. మొక్కజొన్న, పొద్దుతిరుగుడు చెక్క (గింజ నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి), సోయాలో నిండుగా ఉండే లినోలెయిక్ ఆమ్లం ఒమేగా-6 జాతిది. అదీ, ఏఎల్ఏ రెండూ కాలేయంలో ఒకే ఎంజైము దగ్గరికి వెళ్లాలి. ఊళ్లో ఒకటే పిండి మర ఉండి, దాని ముందు రెండు వరసలు ఉన్నట్టు అనుకోండి. ఒక వరస చాంతాడంత ఉంటే రెండో వరసవాళ్లకు పని జరగదు. అందుకే అవిసెలు పోయడం కంటే ముందు, ఇప్పుడు కోళ్లు తింటున్నదేమిటో చూసుకోవాలి.

మెట్టు 1: ఇప్పటి మేత లెక్క

వారం రోజులు కోళ్లకు వేసేదంతా తూకం వేసి రాయండి. బోనులో పెట్టి గుడ్ల కోసం పెంచే లేయర్ కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాములు తింటుంది. ఒళ్లు చిన్నదైన నాటు పెట్ట ఇంకా తక్కువ తింటుంది. అందులో కొంత బయట పురుగూ పుట్రా ఏరుకునే తింటుంది.

100 గ్రాముల మొక్కజొన్నలో కొవ్వు 4 గ్రాముల చుట్టూ ఉంటుంది, అందులో సగం లినోలెయిక్. నూకల్లో కొవ్వే చాలా తక్కువ. అంటే మన ఊళ్లలో కోళ్లకు చల్లే నూకలు ఈ విషయంలో మొక్కజొన్న కంటే నయం. ఒమేగా-6 వరస పొట్టిగా ఉంటుంది. అలాగని ఒమేగా-6 పూర్తిగా తీసేయకూడదు. గుడ్డు సైజు దాని మీద ఆధారపడుతుంది. మేతలో 1 శాతం లినోలెయిక్ ఉండాలని లేయర్ కోళ్ల పోషణ ప్రమాణం. సగం నూకలు, సగం మొక్కజొన్న వేసినా అది దాదాపు సరిపోతుంది.

తవుడు గురించి ఒక మాట. బియ్యం తవుడు చాలా మంచి మేత, కానీ మిల్లు నుంచి వచ్చిన కొద్ది గంటల్లోనే దానిలోని నూనె పాడవడం మొదలవుతుంది. తవుడులోనే ఉండే లైపేజ్ అనే ఎంజైము ఆ పని చేస్తుంది. నెలకు సరిపడా బస్తా తెచ్చి పెట్టుకుని, దాంట్లో ఖరీదైన అవిసె పొడి కలపడం చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. తవుడు వారానికి సరిపడా తెచ్చుకోండి. పొద్దుతిరుగుడు చెక్క వేస్తుంటే తగ్గించండి. వేరుశనగ చెక్కలో బూజు విషం, అఫ్లాటాక్సిన్, ఉండే ప్రమాదం ఉంది. ముద్దగా, నల్లగా, బూజు వాసనతో ఉన్నది కోళ్ల దగ్గరికే రానీయకూడదు.

మెట్టు 2: సరైన గింజ కొనడం

మా జిల్లాలో గింజల పేర్లు కలిసిపోయే గొడవ ఎక్కువ. అరకు వైపు పసుపు పూల తోటలు వేస్తారు చూడండి, అవి వలిసెలు. గింజ నల్లగా, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మా బావ అటునుంచి వస్తూ ఐదు కిలోల సంచి దింపి, "ఇవిగో బావా, నీ అవిసెలు" అన్నాడు. ఇవి వలిసెలు బావా అంటే, "ఏవైనా నూనె గింజలే కదా" అన్నాడు. కావు. వలిసె నూనెలో అధిక భాగం లినోలెయిక్, అంటే మనం తగ్గించాలనుకుంటున్న ఒమేగా-6. పేరులో కొద్ది తేడా, పనిలో పూర్తిగా తిరగబడ్డ ఫలితం. ఆ ఐదు కిలోలూ అమ్మ పచ్చడికీ పొడికీ వాడేసింది.

మరో పొరపాటు అవిసె చెట్టుతో వస్తుంది. తెల్లటి పెద్ద పూలు పూసే అవిసె చెట్టు వేరు, ఈ అవిసె గింజ వేరు. చెట్టు ఆకు నుంచి ఈ ఒమేగా లాభం ఆశించొద్దు.

మనకు కావలసిన అవిసె గింజ గోధుమ రంగులో, చదునుగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది. అరచేతిలో వేసి వంచితే జారిపోతుంది. నోట్లో వేసుకుని నమిలితే కాసేపటికి జిగురు వస్తుంది. ఈ పరీక్ష చాలు. 100 గ్రాముల గింజలో సుమారు 22 గ్రాముల ఏఎల్ఏ ఉంటుంది. పసుపు రంగు అవిసెలు కూడా దొరుకుతున్నాయి, ధర ఎక్కువ. కోళ్లకు వాటి అవసరం లేదు.

హార్డ్‌వేర్ షాపులో అమ్మే లిన్సీడ్ ఆయిల్ కూడా అవిసె నూనే. చెక్క సామానుకు, క్రికెట్ బ్యాట్లకు రాస్తారు. చాలావాటిలో తొందరగా ఆరడానికి లోహపు రసాయనాలు కలుపుతారు. అది కోళ్లకు పెట్టడమంటే విషం పెట్టడమే. గానుగ ఆడించిన తాజా అవిసె చెక్క దొరికితే వాడుకోవచ్చు. కానీ అందులో ఎంత నూనె మిగిలిందో తెలియదు కాబట్టి నేను గింజకే ఓటేస్తాను.

ఆవ చెక్కలోనూ కొంత ఏఎల్ఏ ఉంటుంది. నాకు మాత్రం ఇష్టం లేదు. గోధుమ రంగు గుడ్లు పెట్టే కొన్ని జాతుల్లో ఒక జన్యులోపం వల్ల ట్రైమిథైలమీన్ అనే పదార్థం విరగకుండా గుడ్డులోకి చేరుతుంది, చేపల కంపు వస్తుంది. ఆవ జాతి చెక్కల్లో ఉండే సైనపిన్ దానికి ముడిసరుకు.

మెట్టు 3: బాగుచేయడం, వేయించడం, పొడి కొట్టడం

గింజ పైపెంకు గట్టిది. కందనకాయలో ఇసుక రాళ్లు సరిపడా ఉన్న పెద్ద కోడి అవిసెలను చాలావరకు నలిపేస్తుంది. కాబట్టి గింజలు అలాగే వేసినా ఫలితం ఉంటుంది. కానీ పొడి చేస్తే అన్ని కోళ్లకూ సమంగా అందుతుంది. లేదంటే గడసరి పెట్ట ఒకటి గింజలన్నీ ఏరుకు తినేస్తుంది. మా దగ్గర ఆ పని నల్ల గ్రామప్రియది.

నేను ఆదివారం పొద్దున చేసే పని ఇది. వారానికి సరిపడా గింజలు చేటలో చెరిగి మట్టి, రాళ్లు తీసేస్తాను. మందపాటి మూకుడు సన్నని సెగ మీద పెట్టి గింజలు పోసి కదుపుతూ ఉంటాను. రెండు మూడు నిమిషాలకు ఒకటీ అరా చిటపటమంటాయి. పది పదిహేను గింజలు వరసగా ఎగరడం మొదలవగానే దించేయాలి. కారప్పొడికి వేయించినంత ఎర్రగా వేయించకూడదు. దించాక మూకుడులోనే వదిలేయకండి, ఆ వేడికి మాడతాయి. పళ్లెంలో పలచగా పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. అప్పుడు మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే నూనె బయటికి వచ్చి ముద్దవుతుంది. బొంబాయి రవ్వంత పలుకు ఉంటే చాలు.

వేయించడం దేనికంటే, పచ్చి అవిసెలో సైనైడ్ విడుదల చేసే పదార్థాలు కొద్దిగా ఉంటాయి. పొడి చేసి నీళ్లు కలిపినప్పుడు అవి పని మొదలుపెడతాయి. వేడి వల్ల ఆ ప్రమాదం తగ్గుతుంది. పెద్ద కోళ్లకు మనం పెట్టే మోతాదులో ఇది భయపడాల్సినంత విషయం కాదు. అయినా ఐదు నిమిషాల పనికి బద్ధకించడం ఎందుకు? ఒక్కటి మాత్రం చేయొద్దు: అవిసె పొడిని రాత్రంతా నీళ్లలో నానబెట్టి పొద్దున పెట్టడం. జిగురుగా అయి ముక్కులకు అంటుకుంటుంది, పులుస్తుంది కూడా.

నిల్వ విషయంలో కచ్చితంగా ఉండాలి. గింజ గింజగా ఉంటే ఏడాది దాకా ఆగుతుంది. పొడి అయ్యాక గాలి తగిలి నూనె పాడవడం మొదలవుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి వారంలో అయిపోగొట్టాలి. పాడైన అవిసె వాసన కొత్తగా రంగు వేసిన తలుపు దగ్గర వచ్చే వాసనలా ఉంటుంది. ఆ వాసన వస్తే పెంటలో వేయండి.

మెట్టు 4: మోతాదు

మొత్తం మేతలో 10 శాతం దాటకూడదు. ఇది పైగీత. నేను 7, 8 శాతం దగ్గరే ఆగుతాను.

చేత్తో కొలవాలంటే: ఒక టేబుల్ స్పూన్ గింజలు దాదాపు 10 గ్రాములు, ఒక టేబుల్ స్పూన్ పొడి దాదాపు 7 గ్రాములు. గ్రామప్రియ, వనరాజా వంటి పెద్ద ఒళ్లు కోళ్లకు రోజుకు తలా 8 నుంచి 10 గ్రాములు. నాటు పెట్టకు 6 లేదా 7 గ్రాములు, అంటే పొడి ఒక్క టేబుల్ స్పూన్. మా ఎనిమిదింటికీ కలిపి రోజుకు 60 గ్రాములు, వారానికి 420. అరకిలో ప్యాకెట్టు ఒక వారం పైన ఒక రోజు వస్తుంది.

మొదటి రోజునుంచే అంత పెట్టకండి. మొదటి నాలుగు రోజులు తలా 2, 3 గ్రాములు, తర్వాత వారం 5 గ్రాములు, ఆ పైన పూర్తి మోతాదు. అవిసె జిగురు పేగుల్లో అలవాటవడానికి సమయం పడుతుంది. తొందరపడితే రెట్ట జిగటగా అయి తోక కింద ఈకలకు అంటుకుంటుంది. అక్కడ ఈగలు మూగుతాయి. రెట్ట అలా కనిపిస్తే మోతాదు సగానికి తగ్గించి వారం ఆగండి.

పెట్టే తీరు: పొద్దున గూడు తెరిచాక మొదటి మేతగా, తవుడు లేదా ఉడికించిన నూకల మీద పొడి చల్లి, చేతికి తడి తగిలేంత నీళ్లు చిలకరించి కలపాలి. గాలికి ఎగరదు, కోళ్లు అడుగు దాకా తింటాయి. గంటలో తినకపోతే తీసేయండి. రెండు తొట్లలో వేరువేరుగా పెడితే గడసరి పెట్ట పెత్తనం తగ్గుతుంది.

రెడీమేడ్ లేయర్ దాణా వాడేవాళ్లు 9 కిలోల దాణాకు 1 కిలో అవిసెలు కలిపితే 10 శాతం సరిపోతుంది. ప్రొటీన్ తగ్గదు, అవిసెలోనే 20 శాతం దాకా ఉంటుంది. తగ్గేది కాల్షియం. దాణాలో 3.5 శాతం ఉన్నది 3.15 శాతానికి పడిపోతుంది. నెల తర్వాత పెంకు పలచబడిందని టెన్షన్ పడే బదులు, మొదటి రోజే ఆల్చిప్పల పొడిని వేరే గిన్నెలో పెట్టండి. ఏ కోడికి ఎంత కావాలో అదే తింటుంది.

మెట్టు 5: ఆకుకూరలు, మరీ ఆశపడకుండా

గంగవాయల కూర, కొందరు పావిలి కూర అంటారు, ఆకుకూరల్లో ఏఎల్ఏ బాగా ఉన్నది. 1989లో పోషకాహార పరిశోధకురాలు ఆర్టెమిస్ సిమొపౌలోస్ గ్రీస్‌లో ఆరుబయట తిరిగే కోళ్ల గుడ్లను అమెరికా సూపర్ మార్కెట్ గుడ్లతో పోల్చి చూశారు. గ్రీస్ గుడ్లలో ఒమేగా-3 ఒక పాలైతే ఒమేగా-6 1.3 పాళ్లు. అమెరికా గుడ్లలో అదే 19 పాళ్లకు పైనే. ఆ గ్రీస్ కోళ్లు తిన్న వాటిలో ఈ కూర కూడా ఉంది.

అయితే కూర ఒక్కటే చాలనుకుంటే లెక్క కుదరదు. 100 గ్రాముల పచ్చి ఆకులో ఏఎల్ఏ 0.3 నుంచి 0.4 గ్రాములు. 10 గ్రాముల అవిసెలో 2.2 గ్రాములు. అంత రావాలంటే కోడి రోజుకు అరకిలో పైగా ఆకు తినాలి. ఏ కోడీ తినదు. అజొల్లా అనే నీటి మొక్క తొట్టి వేసుకున్నవాళ్లకూ ఇదే లెక్క. అది మంచి మేతే, కానీ తొంభై పాళ్లు నీళ్లే. ఆకుకూర పెట్టమని నేను చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది, విటమిన్ ఇ. ఒమేగా-3 గాలి తగిలితే పాడయ్యే కొవ్వు. కోడి ఒంట్లో, గుడ్డులో దాన్ని కాపాడేది విటమిన్ ఇ. పచ్చి ఆకు, మొలకెత్తిన గింజలు రోజూ గుప్పెడు పెట్టండి. గంగవాయలలో ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి రోజూ అదే కాకుండా మునగాకు లాంటివి మారుస్తూ ఉండాలి.

పచ్చసొన నారింజ రంగులోకి వస్తే ఒమేగా పెరిగిందని కొందరు మురిసిపోతారు. రంగు ఆకుల్లో, పచ్చ మొక్కజొన్నలో, బంతిపూలలో ఉండే కెరోటినాయిడ్ల వల్ల వస్తుంది. అవిసె ఆ రంగు మార్చదు. పాలిపోయిన సొనలో ఒమేగా-3 నిండుగా ఉండొచ్చు, ఎర్రటి సొనలో పెద్దగా లేకపోవచ్చు.

మెట్టు 6: ఎండు చేప

ఇది డీహెచ్ఏకి దగ్గరి దారి, కంపుకి కూడా. భీమిలి వైపు ఎండు నెత్తళ్లు దొరుకుతాయి. ఉప్పు వేయకుండా ఎండబెట్టినవే కొనాలి. కోళ్లకు ఉప్పు పడదు. మేతలో అరశాతం లోపే ఉండాలి. ఉప్పు చేప పెడితే నీళ్లు తెగ తాగి, రెట్ట నీళ్లలా పోసి, చిన్న కోళ్లయితే చచ్చిపోతాయి కూడా. కోళ్ల మేత పేరుతో అమ్మే చేప పొడిలో ఇసుక కలిసి ఉండొచ్చు. గ్లాసు నీళ్లలో చెంచా పొడి వేస్తే ఇసుక అడుగున కూర్చుంటుంది, చూసుకోండి.

మోతాదు తలా 2, 3 గ్రాములు, వారానికి మూడు రోజులు. అవిసెలు పూర్తి మోతాదులో పెడుతున్నవాళ్లు చేప మానేయడమే మంచిది. రెండూ కలిస్తే మా అమ్మ అన్న మాటే మీరూ వింటారు. కూరకు కోయబోయే కోడికి రెండు వారాల ముందే చేప ఆపేయాలి. కాడ్ లివర్ ఆయిల్ చెంచాలతో పోసేవాళ్లున్నారు. దాంట్లో విటమిన్ ఎ, డి మోతాదు మించి ఉంటాయి. వద్దు.

ఎవరికి పెట్టకూడదు

కోడిపిల్లలకు అవిసె వద్దు. అవిసెలో లినాటిన్ అనే పదార్థం విటమిన్ బి6 పనిని అడ్డుకుంటుంది. ఎదిగే పిల్లలు దానికి తట్టుకోలేవు. పాడైన నూనె తిని విటమిన్ ఇ చాలక కోడిపిల్లలు మెడ వెనక్కి వంచి తిరగబడి కొట్టుకోవడం చాలామంది చూసే ఉంటారు. దాన్ని మామూలు తెగులు అనుకుంటారు. గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన పెట్టలకే అవిసె పెట్టండి. పుంజుకు పెట్టినా నష్టం లేదు, మనకు దాని గుడ్డు రాదు కాబట్టి డబ్బు దండగ. మా పుంజును పొద్దున ఆ గంటసేపు గంప కింద ఉంచుతాను. అరుస్తుంది, అయినా తప్పదు.

మెట్టు 7: ఎదురుచూసి, రుచి చూసి

పచ్చసొన కోడి ఒంట్లో వేగంగా పెరిగే దశ 8 నుంచి 10 రోజులు. కాబట్టి ఈ రోజు పెట్టిన అవిసె రేపటి గుడ్డులో కనపడదు. పూర్తి మోతాదు మొదలుపెట్టిన మూడు వారాలకు గుడ్డులో స్థిరపడుతుంది. మానేసినా అలాగే మూడు వారాల్లో మామూలైపోతుంది. వారానికి రెండుసార్లు పెట్టి ఒమేగా గుడ్డు తింటున్నానని అనుకోవద్దు. రోజూ పెట్టాల్సిందే.

ఇంట్లో చేయగల పరీక్ష ముక్కుదే. మూడో వారం నుంచి ఒక గుడ్డు ఉప్పు వేయకుండా గట్టిగా ఉడికించి, వేడిగా ఉండగానే సొన విప్పి వాసన చూడండి. జలుబు లేనివాళ్లు, వీలైతే ఇంట్లో చేప తిననివాళ్లు చూస్తే మంచిది. మా ఇంట్లో ఆ ఉద్యోగం మా మేనకోడలిది. కొద్దిగా తేడా అనిపిస్తే పొడి తాజాగా ఉందో లేదో ముందు చూడాలి, తర్వాత మోతాదు రెండు గ్రాములు తగ్గించాలి. ఒక్క కోడి గుడ్డే కంపు కొడితే ఆ కోడి జాతి లక్షణం అనుకోవచ్చు. దాని గుడ్లు గుర్తుపట్టి పక్కన పెట్టుకోండి.

గుడ్లు తగ్గాయా, కోళ్ల బరువు తగ్గిందా అని నెలకోసారి చూడండి. పైగీత దాటిన చోట మొదట కనపడేవి ఇవే. ఇరుగుపొరుగుకు అమ్మేవాళ్లు అవిసె మేపిన కోళ్ల గుడ్లు అని చెప్పుకోవచ్చు. ప్రయోగశాలలో పరీక్ష చేయించకుండా ఇన్ని మిల్లీగ్రాములు అని అట్టమీద రాయకండి. ఒమేగా ఉన్న గుడ్డు ఎక్కువ రోజులు నిల్వ ఉంటే రుచి మారుతుంది. మేము పెట్టిన రోజు పెన్సిల్‌తో తేదీ రాసి, రెండు వారాల లోపు వండేస్తాం.